బగ్గీలకు రంగులేసినవాడి డైరీ

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో ముందుగా బయటికి వచ్చేది నల్ల ట్రంకు పెట్టె. దాని మీద తెల్ల రంగుతో నాన్న పేరో అమ్మ పేరో, హోదా, వెళ్లాల్సిన ఊరు రాసి ఉంటాయి. పాత ఊరి పేరు మీద నల్ల రంగు పూసి, అది ఆరాక కొత్త ఊరి పేరు రాస్తాడు పెయింటరు. స్కేలు ఉండదు, పెన్సిలు గీత ఉండదు. మోకాలి మీద చెయ్యి ఆనించి, చిన్న రేకు డబ్బాలో కుంచె ముంచి, ఒక్కో అక్షరం అచ్చు గుద్దినట్టు దింపుతాడు. పెట్టెను కాస్త వాల్చి వెలుతురులో చూస్తే కింది పొరల్లో పాత ఊళ్లు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. మాలో ఒకరి పెట్టె మీద అలా నాలుగు ఊళ్లు లెక్కపెట్టాం: తేజ్‌పూర్, ఝాన్సీ, అవడి, జామ్‌నగర్. ఆ రాతగాళ్లలో ఒక్కరి పేరు కూడా మాకు తెలియదు. పెట్టె మీద వాళ్ల సంతకం ఉండదు కదా.

ఈ సంగతి ఎందుకు ఎత్తామంటే, ఈ ఏడాది మేం చదివినవాళ్లలో మమ్మల్ని ఎక్కువగా పట్టుకున్నవాడు అచ్చం ఇలాంటి పెయింటరే. పేరు థామస్ బెయిన్స్. మా పాఠశాలలో తెలుగు చదవడం వచ్చినవాళ్లం ఏడుగురం. శనివారం మధ్యాహ్నం గ్రంథాలయంలో కలుస్తాం. ఒక పాత భూగోళం పుస్తకంలో జలపాతం బొమ్మ కింద అతని పేరు కనబడింది. అక్కడి నుంచి తీగ లాగుతూ పోయాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఆఫ్రికా ప్రయాణాల గురించి చదివేచోట డేవిడ్ లివింగ్‌స్టన్ పేరుతో పాటు ఈ పనివాడి పేరు కూడా ఉండాలి. అయితే అతని డైరీని కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఈ రెండో మాట దగ్గర మాలో మాకే గొడవ అయింది. అది తర్వాత.

బెయిన్స్ 1820లో ఇంగ్లండులోని కింగ్స్ లిన్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. పదహారేళ్లకు ఒక బగ్గీ పెయింటరు దగ్గర పనికి కుదిరాడు. అప్పట్లో ధనవంతుల గుర్రపు బగ్గీల తలుపుల మీద వాళ్ల వంశ చిహ్నాలు వేయించుకునేవారు. సింహం పంజా ఎటు తిరిగింది, డాలు మీద చారలు ఎన్ని, అవి ఏ రంగు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. ఒక్క చార తప్పినా అది ఇంకొకరి వంశమైపోతుంది. కాబట్టి ఆ పనిలో కుర్రవాడు నేర్చుకునే మొదటి పాఠం అందంగా గీయడం కాదు, లెక్క తప్పకుండా గీయడం. తర్వాతి ముప్పై ఏళ్లు అతను చేసిన ప్రతి పనిలోనూ ఈ అలవాటు కనిపిస్తుంది.

1842లో అతను ఓడెక్కి దక్షిణాఫ్రికా కొసన ఉన్న కేప్‌టౌన్ చేరాడు. అక్కడ సైన్‌బోర్డులు రాశాడు, అలంకార చిత్రాలు వేశాడు, ఓడల బొమ్మలు గీసి అమ్ముకున్నాడు. 1848లో తూర్పు సరిహద్దు వైపు బయల్దేరాడు. అప్పటి నుంచి అతనికి స్థిరమైన ఇల్లంటూ లేదు. ఎద్దుల బండ్ల వెంట నడక, రాత్రి గుడారంలో డైరీ, పగలు స్కెచ్చి. స్కెచ్చి కింద తేదీ, చోటు రాసుకునేవాడు. 1842 నుంచి 1853 దాకా రాసిన ఆ డైరీలు పుస్తకంగా అచ్చవడానికి మాత్రం నూరేళ్లు దాటింది. 1960లలో రెండు సంపుటాలుగా వచ్చాయి.

అతని బొమ్మలు చూస్తుంటే మాకు ముందుగా తోచింది ఇది: దృశ్యం ఎంత గొప్పదైనా అతని కన్ను వస్తువు ఎలా తయారైందో వెతుకుతుంది. 1871లో లార్డ్ అనే మరో ప్రయాణికుడితో కలిసి అతను ఒక పెద్ద పుస్తకం తెచ్చాడు. గుడారం ఎలా వెయ్యాలి, బండి చక్రం విరిగితే అడవిలో దొరికే కర్రతో ఎలా సరిచేసుకోవాలి, తెప్ప ఎలా కట్టాలి, ఇవే అందులో విషయాలు, బొమ్మలతో సహా. ఎద్దులు, చక్రాలు, తాళ్లు, ముళ్లు, మేకులు. సామాన్లు సర్దడంలో ఆరితేరిన మన అమ్మలు చదివితే ముచ్చటపడే పుస్తకం అనిపించింది.

మధ్యలో 1855 నుంచి 1857 దాకా ఉత్తర ఆస్ట్రేలియా యాత్రలో పనిచేశాడు. ఆ బృందం నాయకుడు గ్రెగరీ అతని పని మెచ్చి ఒక కొండకు, ఒక నదికి అతని పేరు పెట్టాడు. ఆ తర్వాతే అసలు కథ.

1858లో బ్రిటిష్ ప్రభుత్వం లివింగ్‌స్టన్ నాయకత్వంలో జాంబెజీ నది మీదికి ఒక బృందాన్ని పంపింది. బెయిన్స్ అందులో చిత్రకారుడు, సామాన్ల నిర్వాహకుడు కూడా. అంటే స్టోర్‌కీపరు. ఈ రెండో పని ఎంత ప్రమాదమో సామాన్ల లెక్క చూసే ఉద్యోగుల పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. ఏది తగ్గినా అడిగేది ఆయన్నే. నది మీద కెబ్రబాసా దగ్గర దాటలేని దుముకుళ్లు ఎదురై యాత్ర ఆగిపోయింది. అంతకుముందు ప్రయాణంలో లివింగ్‌స్టన్ ఆ చోటును చుట్టు దారిలో దాటేసి చూడనేలేదు. ఆవిరి పడవ కారుతోంది. అందరికీ జ్వరాలు. పని సాగనప్పుడు మనుషుల మధ్య ఏమవుతుందో అదే అయింది. లివింగ్‌స్టన్ తమ్ముడు చార్లెస్‌కూ బెయిన్స్‌కూ పడలేదు. చక్కెర లాంటి సరుకులు, కాన్వాసు గుడ్డ దుర్వినియోగం చేశాడని బెయిన్స్ మీద నేరం మోపారు. అప్పటికి అతను జ్వరంతో ఒళ్లు తెలియని స్థితిలో పడి లేచాడు. 1859లో పని నుంచి తీసేశారు.

తనను విచారించమని అతను అడిగాడు. ఎదురుగా కూర్చోబెట్టి, లెక్కలు తెప్పించి, సాక్షులను పిలిచి అడగమన్నాడు. ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. ఆ విచారణ అతను చనిపోయేదాకా జరగలేదు. తర్వాతి చరిత్రకారుల్లో ఎక్కువమంది అతను నిర్దోషే అంటారు. కానీ అప్పటికి లివింగ్‌స్టన్ దేశమంతా పూజించే మనిషి, ఇతను బగ్గీలకు రంగులేసినవాడు. ఎవరి మాట నిలుస్తుంది?

ఇక్కడికి వచ్చేసరికి ఆ శనివారం మేం చదవడం ఆపేశాం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎందుకో రాయాలా వద్దా అని కూడా తర్జనభర్జన పడ్డాం. రాయాలనే నిర్ణయించుకున్నాం.

రెండేళ్ల క్రితం, ఇంకో ఊళ్లో, మాలో నలుగురం ఒకే తరగతిలో ఉండేవాళ్లం. విహారయాత్ర కోసం పోగుచేసిన డబ్బు కవరు కనబడకుండా పోయింది. ఆ నెలలోనే మా తరగతిలో ఒక అబ్బాయి కొత్తగా చేరాడు. ఎవరూ అతని పేరు ఎత్తలేదు, కానీ అందరూ అతని వైపే చూశారు. ఉపాధ్యాయులు కాదు, మేమే విరామ సమయంలో అతని సంచీ తీసి బెంచీ మీద కుమ్మరించాం. డబ్బు లేదు. అయినా ఆ రోజు నుంచి అతని పక్కన ఎవరూ కూర్చోలేదు. అతను ఏమీ అనలేదు. మూడు నెలలకు వాళ్ల నాన్నకు మళ్లీ బదిలీ అయింది. ఆ మార్చిలో బీరువా ఖాళీ చేస్తుంటే సొరుగు వెనక జారి ఇరుక్కుపోయిన కవరు దొరికింది. మేం దాన్ని తీసుకెళ్లి ఇచ్చేశాం. అంతే. అతనికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. తోచినా, ఎక్కడికని చెప్పాలి?

బదిలీ అయ్యేవాళ్లకు ఇదొక వెసులుబాటు, ఇదొక శిక్ష. తప్పు చేసి వెళ్లిపోవచ్చు. తప్పు చేయకుండా, చేశాడనే పేరుతోనూ వెళ్లిపోవాల్సి రావచ్చు.

బెయిన్స్ అలా వెళ్లిపోలేదు. అదే మాకు ఆశ్చర్యం. ఇంగ్లండు తిరిగి వెళ్లి ఏదో ఒక దుకాణంలో బోర్డులు రాసుకుంటే ఎవరూ తప్పు పట్టరు. అతను ఆఫ్రికాలోనే ఉండి, జేమ్స్ చాప్‌మన్ అనే వ్యాపారితో కలిసి, 1861లో పడమటి తీరంలోని వాల్విస్ బే నుంచి అదే జాంబెజీ నదికి బయల్దేరాడు. రాగి రేకులతో, విడిభాగాలుగా విప్పి బండ్ల మీద మోసుకెళ్లేలా పడవ నమూనా తనే వేశాడు. ఎడారి దాటాలి మరి. దారిలో ఒక వింత మొక్క కనబడింది. మొద్దు లాంటి కాండం, జీవితమంతా రెండే ఆకులు, అవే నేల మీద పాకుతూ చీలికలు పేలికలవుతాయి. దాన్ని గీసి, కాయలతో సహా లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి పంపాడు. వెల్విచ్ అనే శాస్త్రవేత్త అంగోలాలో అంతకు ముందే చూసినందువల్ల దానికి వెల్విచియా అని పేరు స్థిరపడింది. ఇక్కడా మన పెయింటరుకు ఒక్క అడుగు తేడా.

1862 మే నెలలో, నేటి బోట్స్‌వానాలో, ఒక ఉప్పు మైదానం అంచున ఉన్న బోబాబ్ చెట్ల గుంపును గీశాడు. ఏనుగు కాళ్ల లాంటి మొదళ్లు, వంకర కొమ్మలు. ఆ చెట్లు ఇంకా ఉన్నాయి. బెయిన్స్ బోబాబులని వాటికి పేరు. ఆ బొమ్మను, ఇప్పటి ఫొటోను పక్కపక్కన పెట్టి చూడండి. నూట అరవై ఏళ్ల తర్వాత కూడా ఏ మొదలు ఎటు ఒరిగిందో అలాగే ఉంది. బగ్గీ తలుపు మీద చారలు లెక్కపెట్టిన చెయ్యి అది.

అదే ఏడాది జూలైలో జలపాతం చేరారు. ఒకటిన్నర కిలోమీటరుకు పైగా వెడల్పున నది మొత్తం ఒక్కసారిగా వంద మీటర్ల లోతు నెర్రెలోకి దూకుతుంది. చాప్‌మన్ దగ్గర ఫొటోలు తీసే సరంజామా ఉంది. ఆ రోజుల్లో అంటే గాజు పలకలు, రసాయనాలు, చీకటి గుడారం. ఆ సరంజామా జలపాతం దగ్గర చేతులెత్తేసింది. కుంచె నిలిచింది. బెయిన్స్ అక్కడే కూర్చుని, తుంపర మధ్య, ఒక్కో కోణం నుంచి గీస్తూ పోయాడు. ఆ చిత్రాలు 1865లో లండన్‌లో రంగుల్లో అచ్చయి పెద్ద పుస్తకంగా వచ్చాయి. అక్కడికి వెళ్లనివాళ్లు ఆ జలపాతాన్ని సరిగ్గా చూసింది వాటిలోనే. రాగి పడవ మాత్రం నది దిగలేదు. జ్వరాలూ తిండి కొరతా తరిమేశాయి.

ఇప్పుడు గొడవ సంగతి.

మాలో ఒకమ్మాయి అంది, "మీరు అతన్ని మరీ నెత్తికెత్తుకుంటున్నారు. 1851 నుంచి 1853 దాకా అతను ఎవరి జీతం మీద ఉన్నాడో చెప్పరేం?" నిజమే. ఆ రెండేళ్లూ అతను జనరల్ సోమర్‌సెట్ సైన్యం వెంట అధికారిక యుద్ధ చిత్రకారుడు. ఆ సైన్యం పోరాడింది తమ నేల కోసం నిలబడ్డ ఖోసా ప్రజలతో. బెయిన్స్ బొమ్మల్లో కనిపించేది సైనికుల వైపు నుంచి చూసిన కొండ. కొండ మీద ఉన్నవాళ్ల వైపు నుంచి ఎవరు గీశారు? ఆ కాలపు ఆంగ్లేయులు వాడిన కించపరిచే మాటలు అతని డైరీలోనూ ఉన్నాయి. చివరికి 1869లో ఒక బంగారు గనుల కంపెనీ పంపగా మళ్లీ వెళ్లి, 1871లో న్దెబెలే రాజు లోబెంగులా దగ్గర గనులు తవ్వుకునే అనుమతి రాయించుకున్నాడు. కంపెనీ దివాలా తీసింది. అప్పులతో, 1875 మేలో, డర్బన్‌లో జిగట విరేచనాలతో చనిపోయాడు. అతనికి ఏమీ దక్కలేదు. కానీ 1890లో ఇంకో పెద్ద కంపెనీ సాయుధులతో ఆ నేలలోకి దిగింది. రాజు కోల్పోయినదాన్ని లెక్కవేస్తే బెయిన్స్ పేదరికం ఏపాటి?

ఇంకొకరు బెయిన్స్ తరఫున వాదించారు: అతను బొమ్మల్లో మనుషులను మనుషుల్లాగే గీశాడు, దారి చూపినవాళ్ల, బండ్లు తోలినవాళ్ల ముఖాలు విడివిడిగా ఉన్నాయి, కొందరి పేర్లు కూడా రాశాడు. దానికి ఆ అమ్మాయి జవాబు: "కొందరివి. మిగతావాళ్లవో?"

మేం ఆమె మాటే ఒప్పుకున్నాం, కానీ పూర్తిగా కాదు. అన్యాయానికి గురైనవాడు ఇంకొకరి అన్యాయంలో భాగస్వామి కావడం చరిత్రలో కొత్తేమీ కాదు. ఒకటి చెప్పి రెండోది దాస్తేనే తప్పు. బెయిన్స్ బొమ్మ గోడకు తగిలించేవాళ్లు దాని కింద యుద్ధం సంగతి, బంగారం సంగతి కూడా రాయాలి. అంతేగాని బొమ్మనే తీసెయ్యమంటే, మిగిలేది లివింగ్‌స్టన్ ఒక్కడే.

పేర్లు లేనివాళ్ల గురించి వెతుకుతుంటే మన దేశం దాకా వచ్చాం. బానిస వ్యాపారుల చేతుల నుంచి తప్పించిన ఆఫ్రికా పిల్లలకు నాసిక్ దగ్గర ఒక బడి ఉండేది. వడ్రంగం, కమ్మరం లాంటి పనులు, చదువు నేర్పేవారు. అక్కడ చదివిన జేకబ్ వెయిన్‌రైట్ 1872లో లివింగ్‌స్టన్‌కు సాయంగా పంపిన బృందంలో చేరాడు. 1873లో లివింగ్‌స్టన్ చనిపోయినప్పుడు అక్కడ ఉన్నదంతా ఆఫ్రికావాళ్లే. వాళ్లు శరీరాన్ని ఎండబెట్టి, గుడ్డల్లో చుట్టి, వెయ్యి మైళ్లకు పైగా మోసుకుని తీరం చేర్చారు. ఆ రోజుల సంగతులు వెయిన్‌రైట్ డైరీలో రాశాడు. చెట్టు మొదలు మీద ఆ పేరు చెక్కినవాడూ అతనే. మన నాసిక్‌లో అక్షరాలు దిద్దిన చెయ్యి అది. నాసిక్‌లో పనిచేసిన ఉద్యోగుల పిల్లలు మనలో చాలామందే ఉంటారు. ఈ పేరు ఎవరైనా విన్నారా? మేం వినలేదు.

ఇంకో చిన్న మాట. మొన్న క్విజ్‌లో "విక్టోరియా జలపాతాన్ని కనుగొన్నది ఎవరు?" అని అడిగారు. లివింగ్‌స్టన్ అని చెప్పి రెండు మార్కులు తెచ్చుకున్నాం. ఆయన చూసింది 1855లో. చూపించినది పడవ నడిపిన స్థానికులు. అప్పటికే దానికి మోసి-ఓయా-తున్యా అని పేరుంది. ఉరిమే పొగ అని అర్థం. 1989లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఆ పేరే ముందు రాశారు. ప్రశ్న మార్చి "రాణి పేరు పెట్టింది ఎవరు?" అని అడిగితే ఆ రెండు మార్కులూ మాకు న్యాయంగా వస్తాయి. క్విజ్ నిర్వహించిన అన్నలు, అక్కలు కోప్పడకపోతే చాలు.

పత్రిక సంపాదకులకు మా కోరిక ఒకటుంది. ప్రతి సంచికలో ఒక పుట బదిలీ అయి వచ్చినవాళ్ల బొమ్మలకు ఇవ్వండి. చక్కగా గీసినవి అక్కర్లేదు. వదిలి వచ్చిన క్వార్టరు వంటింట్లో కుళాయి ఎటు ఉంది, బడి గంట దేనితో చేసింది, స్టేషను ముందు చెట్టుకు కొమ్మలు ఎన్ని, ఇలాంటివి లెక్క తప్పకుండా గీసి, కింద తేదీ, ఊరు, సంతకం. మేం ఏడుగురం మొదలుపెట్టాం. ఒకరికి పాత ఇంటి మెట్లు పదకొండా పన్నెండా గుర్తు రాలేదు. ఎనిమిదేళ్లు కూడా కాలేదు ఆ ఇల్లు వదిలి. వాళ్ల అమ్మ, నాన్న కూడా చెరో లెక్క చెప్పారు.

ఈ పని చేస్తుండగా మాలో ఒకరి పాత పుస్తకాల కట్టలో ఆ అబ్బాయి రఫ్ నోట్‌బుక్ దొరికింది. ఆ రోజు సంచీ కుమ్మరించినప్పుడు మా పుస్తకాల్లో కలిసిపోయినట్టుంది. చివరి పేజీల్లో అన్నీ రైళ్లు. ఒక్కో బదిలీకి ఒక్కో రైలు. ఇంజను నంబరు, బోగీలు ఎన్ని, కిటికీ ఊచలు అడ్డమా నిలువా, ఎక్కిన ఊరు, దిగిన ఊరు, తేదీ. మా ఊరి రైలుకు మాత్రం దిగిన తేదీ ఉంది, ఎక్కిన తేదీ ఇంకా రాయలేదు.

అతను ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాడో మాకు తెలియదు. ఈ పత్రిక వేరే ఊళ్ల విద్యాలయాలకూ వెళ్తుందని విన్నాం. అతనికి తెలుగు రాదు. మీ తరగతిలో పుస్తకం వెనక రైళ్లు గీసే అబ్బాయి ఎవరైనా ఉంటే, తెలుగు వచ్చిన మీరు ఈ నాలుగు మాటలు అతనికి హిందీలో చెప్పండి: కవరు బీరువా సొరుగు వెనక దొరికింది. డబ్బు అంతా అందులోనే ఉంది. నీ నోట్‌బుక్ మా దగ్గర ఉంది, చిరునామా పంపు.